దిష్టికి ఇంగ్లీషు రాదు

మా పేటలో వల నిండా చేప పడిన రోజున ఎవరైనా "ఏటి పడ్డాయి?" అని అడిగితే "ఏటీ నేదు, ఒట్టి నీల్లే" అనాలి. ఒడ్డున కవళ్ళ చేపలు గుట్టగా పోసి ఉన్నా, వేలం పాట పాడేవాడు గొంతు చించుకుంటున్నా, ఆ బోటు మనిషి మాత్రం మొహం వేలాడేసుకుని "ఆయిలు కర్సులు కూడా రావు" అంటూ నిలబడాలి. అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు, ఆ గుట్టలో ఇంకా గిలగిల్లాడుతున్న చేపలకీ తెలుసు. అయినా అలా అనకపోతే దిష్టి తగులుతుంది, మర్నాడు వల చిరుగుతుంది. మరి నిజంగానే ఏమీ పడని రోజున ఏమంటారని మీరు అడగవచ్చు. ఆ రోజు ఎవరూ ఏమీ అడగరు.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఈ పేటలోనే పుట్టాను. ఈ పేటలోనే మేనత్త కొడుకుని చేసుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా నేనూ ఇలాగే మాట్లాడాను. ఒంట్లో శుభ్రంగా ఉంటే "ఏదో, ఇలగున్నాను" అన్నాను. కూతురు క్లాసులో ఫస్టొస్తే "దానికేటొచ్చు, మొద్దు" అన్నాను. కొత్త చీర కట్టుకుని పాతదన్నాను. ఈ మాటతీరు వల్ల నాకు ఏనాడూ ఏ నష్టమూ రాలేదు. ఇంగ్లీషు పరీక్ష రాసినప్పుడే వచ్చింది.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. ఇన్నేళ్ళ తరువాత ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టడానికి కారణం ఒక్కటే. మా పేట అంగన్‌వాడీ టీచరు రిటైరవబోతోంది. ఆ ఉద్యోగానికి పది పాసై ఉండాలి, వయసు ముప్పై అయిదు దాటకూడదు. అది నాకు ఎంత కావాలో చెప్పాలంటే సిగ్గుగానే ఉంటుంది. పొద్దున్నే నెత్తి మీది గంపలోంచి చేప నీళ్ళు మెడ మీదకి కారుతుంటే, ఆ అంగన్‌వాడీ ముందు నుంచి పోతూ, లోపల పిల్లలు పాడే పాట పూర్తయ్యేదాకా చెప్పులో ముల్లు తీసుకుంటున్నట్టు నిలబడేదాన్ని. నన్ను ఎవరైనా "టీచర్" అని పిలవాలని నాకు పిచ్చి కోరిక.

తెలుగు, లెక్కలు, సైన్సు, సోషలు మొదటి దెబ్బకే పాసయ్యాను. ఇంగ్లీషు పోయింది. అదీ కొద్ది మార్కుల్లో పోయింది. పట్నంలో ఉన్న స్నేహితురాలిని సెలవులకి మీ ఊరు రమ్మని పిలుస్తూ, ఊరిని వర్ణిస్తూ ఉత్తరం రాయమన్నారు. నేను రాసింది తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. "మా ఊరు ఏమంత బాగుండదు. సముద్రం ఉంది గానీ అంతా ఉప్పు. ఈ మధ్య చేపలు కూడా పడటం లేదు. మా ఇల్లు చిన్నది, వానొస్తే కారుతుంది. వీలైతే రా. రాకపోయినా పరవాలేదు." కొట్టివేతలు లేకుండా, గుండ్రటి అక్షరాలతో, ఎంతో మర్యాదగా రాశాను. బయటికొచ్చి ఎంత బాగా రాశానో అని మనసులో మురిసిపోయాను కూడా.

ఫలితాలు వచ్చాక మా ఇంగ్లీషు మాస్టారు ఆ ఉత్తరంలో నేను ఏం రాశానో చెప్పమన్నారు. చెప్పాను.

"అమ్మా, మిమ్మల్ని ఆహ్వానించమన్నారు. మీరు హెచ్చరించారు" అన్నారు.

ఈ మాస్టారి గురించి కొంచెం చెప్పాలి. వారిది విజయనగరం వైపు, రామతీర్థం. తరతరాలుగా గుడిలో సేవ చేసిన కుటుంబం, ఇంటిల్లిపాదీ చదువు చెప్పినవాళ్ళే. ఆయన శ్రీకాకుళంలో ఉంటూ ప్రతి ఆదివారం మా స్టడీ సెంటరుకి వచ్చి ఇంగ్లీషు చెప్పేవారు. ఆయన నోట పొరపాటున కూడా చెడు మాట రాదు. చాక్‌పీసులు అయిపోతే "నిండుకున్నాయమ్మా" అంటారు. లైటు తీయమనాల్సి వస్తే "కొండెక్కించండి" అంటారు. ఎవరి వ్యాసం ఎంత చండాలంగా ఉన్నా "దివ్యం, ఇంకొంచెం దివ్యంగా ఉండొచ్చు" అంటారు. అలాంటి మనిషికి నాలాంటి విద్యార్థిని దొరికింది. పాఠం పూర్తిచేసి "అర్థమైందా అమ్మా?" అని అడిగితే, అర్థమైందంటే మర్చిపోతానేమోనన్న భయంతో నేను "ఏటీ అర్దం కానేదు సార్" అనేదాన్ని. పాపం, ఆయన నమ్మేసి మళ్ళీ మొదటి నుంచి చెప్పేవారు. నా వెనక బెంచీల్లో ఆటో డ్రైవర్లు, టైలర్లు, ఇంటి పనులు వదిలి వచ్చిన ఆడవాళ్ళు ఉండేవారు. "ఓలప్పా, నీకు దండం ఎడతాం, ఒక్కపాలి అర్దమైనాదని సెప్పు, బస్సెల్లిపోతాది" అని వెనక నుంచి నా జడ లాగేవారు.

ఆదివారం ఆదివారం నేను క్లాసుకి పోతే చేపలమ్మేది ఎవరు? మా అత్త. ఆదివారమంటే చేపకి గిరాకీ ఉండే రోజు, అందరూ నీసు వండుకునే రోజు. అలాంటి రోజున నా గంప కూడా తన గంప మీద పెట్టుకుని సంతకి పోయేది. కోడలేదని కొనేవాళ్ళు అడిగితే చదువుకుంటోందని చెబుతుందా? ఇంకేమైనా ఉందా! "జొరం" అనేది. ప్రతి ఆదివారం జ్వరమే. నెల తిరిగేసరికి సంతలో నా ఆరోగ్యం పెద్ద విషయమైపోయింది. ఒకావిడ మిరియాల కషాయం సీసాలో పోసి పంపింది. ఇంకొకావిడ తాయెత్తు కట్టించమని దారం ఇచ్చింది. ఉల్లిపాయలమ్మే ముసలాయన నన్ను శ్రీముఖలింగం తీసుకెళ్ళి స్వామి దర్శనం చేయిస్తే ఆదివారం జ్వరం సోమవారానికి పోతుందన్నాడట. సోమవారం నేను సంతలో కనబడితే జనం నన్ను చూసి చేపలు బేరమాడకుండా కొనేసేవారు. అత్త ఆ సంగతి కనిపెట్టి, ఒక్కో సోమవారం "కూసింత దగ్గవే" అని మోచేత్తో పొడిచేది.

సరే, చదువు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో ఒక పద్యం ఉంది. ఒకాయన తన పెరట్లో ఆపిల్ చెట్టు విరగబూసిందని, అలాంటి చెట్టు ఈ లోకంలో లేదని గంతులేస్తూ దారిన పోయేవాళ్ళందరికీ చెబుతాడు. మూడో చరణంలో గాలివాన వచ్చి పూలన్నీ రాలిపోతాయి. కవి మనకి ఏం చెబుతున్నాడని మాస్టారు అడిగితే అందరూ గైడులో ఉన్నట్టు "అందం శాశ్వతం కాదు" అన్నారు. నేను "నోరు మూసుకోమని సెప్తన్నాడు సార్" అన్నాను. క్లాసంతా ఒకటే నవ్వు. నేను నవ్వులాటకి అనలేదు. ఆ చెట్టాయనకి ఒక అత్త ఉండి ఉంటే, పూలు కనిపించగానే కొమ్మకి పాత చెప్పు కట్టించి ఉండేది. ఇంకో కథలో ఒక రైతు మొదటి పేజీలో తన గుర్రాన్ని ఊరందరి ముందూ పొగుడుతాడు, నాలుగో పేజీలో దాని కాలు విరుగుతుంది. ఎందుకు విరిగిందన్నది ప్రశ్న. రాళ్ళ దారిలో పరిగెత్తించినందుకని అందరూ రాశారు. నేను మొదటి పేజీ వల్ల అని రాశాను. ఇంగ్లీషు సాహిత్యంలో ఎవరికి ఏ కష్టం వచ్చినా నా దగ్గర ఒకటే కారణం ఉండేది. మాస్టారు నా జవాబు రెండుసార్లు చదివి "దివ్యమైన ఆలోచన. పరీక్షలో మాత్రం రాయకండి" అన్నారు.

సాహిత్యం ఎలాగో బట్టీపట్టి లాగించవచ్చు. నన్ను ముంచేది రచన. ఉత్తరం, డైరీ, వర్ణన, ప్రసంగం, ఏదిచ్చినా సగం ప్రశ్నలు మంచిమాట చెప్పమనేవే. మీ జీవితంలో సంతోషకరమైన రోజు. మీ స్నేహితురాలికి అభినందనలు. మీ ఊరి అందాలు. రెండోసారి ఫీజు కట్టిన రోజున లెక్క చూసుకుంటే, ఈసారి పోతే మళ్ళీ పరీక్ష వచ్చే లోపు నాకు ముప్పై అయిదు నిండిపోతుంది. అంటే నేను టీచరునవడం ఇక ఆ ఒక్క పేపరు మీదే ఉంది. భయం వేసింది. ఎంత భయం వేసినా కలం పట్టుకోగానే మళ్ళీ "మా ఊరు ఏమంత బాగుండదు" అనే వస్తోంది.

నాకు ఇంట్లో ట్యూషను చెప్పింది మా అమ్మాయి. అది అప్పుడు తొమ్మిదో తరగతి. మధ్యాహ్నాలు ఇసకలో నెత్తళ్ళ చేపలు ఎండబెట్టి, కాకులూ కుక్కలూ రాకుండా మేం ముగ్గురం కాపలా కూర్చునేవాళ్ళం. అత్త చేతిలో కర్ర, అమ్మాయి చేతిలో పుస్తకం, నా చేతిలో పెన్ను. ఆ రోజు అది నాకు "మీ కుటుంబం గురించి పది వాక్యాలు" అని ఇచ్చింది. నేను రాసింది చదివి నెత్తి కొట్టుకుంది.

"నాన్న పనికిమాలినోడని రాసేవేటమ్మా?"

"మరి మంచోడని రాస్తే? రేపు ఏటకెల్లాలి గదా మీ నాన్న."

"నేను మొద్దునా?"

"ఫస్టొచ్చేవని కాయితం మీద రాసి ఎవులికో పంపీమంతావేటే? కన్ను పడిపోద్ది."

అమ్మాయి పుస్తకం మూసింది. తరువాత తీర్పు చెబుతున్నట్టు అంది, "అమ్మా, దిష్టికి ఇంగ్లీషు రాదు."

నేను నోరు తెరిచాను. మా పేటలో ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టని మాట అది. నిజమే కదా! దిష్టి పెట్టే కళ్ళు మన ఊరివి, ఆ నాలుకలు మన ఊరివి. గాలిలో తిరిగే ఆ పాడు శక్తి ఏ బడికి పోయింది, ఎప్పుడు పోయింది? తెలుగు వింటుంది. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిందైతే ఒడియా కూడా వింటుందేమో. ఇంగ్లీషు ఎక్కడ వింటుంది?

కాని మా ఇంట్లో ఇలాంటి విషయాల్లో అత్త మాటే చెల్లుతుంది. ఇద్దరం ఆవిడ వైపు తిరిగాం. అత్త నవ్వలేదు. కర్ర ఒళ్ళో పెట్టుకుని, తువ్వాలు తల మీదికి లాక్కుని, తెప్ప కొనేటప్పుడు ఆలోచించినంతసేపు ఆలోచించింది.

"ఆ బాస మన పేటలో ఎవులికీ రాదు గదా?"

"రాదు నానమ్మా."

"పోయినోల్లకి కూడా రాదు. మీ తాతకి తెలుగే సరిగ్గా రాదు." ఇంకొంచెం ఆలోచించింది. "అయితే రాసీ. ఎంత మంచైనా రాసీ. కాని ఒసే, పైకి మాత్రం సదవకు."

ఆ తరువాత నన్ను పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. ముప్పై నాలుగేళ్ళు నోట్లో కుక్కుకున్న మంచి అంతా ఒక్కసారిగా బయటపడింది. మా ఊరు అందమైనదని రాశాను. ఆకాశం వైపు చూశాను, ఏమీ కాలేదు. మా సముద్రం తెల్లవారుజామున కొత్త ఇత్తడి బిందెలా మెరుస్తుందని రాశాను. ఏమీ కాలేదు. మా ఆయన మంచివాడని, నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదని, వంజరం చేప పడితే మొదటి ముక్క నాకే పెడతాడని రాశాను. ఆయన సాయంత్రం వేట నుంచి క్షేమంగా తిరిగొచ్చాడు, పైగా ఆ రోజు నిజంగానే బాగా పడ్డాయి. ఒడ్డున అందరితో "ఏటీ నేదు" అంటున్న ఆయన్ని చూసి నాకు నవ్వాగలేదు.

"ఏటే నవ్వుతన్నావు?" అన్నాడు.

"ఏటీ నేదు బావా" అన్నాను. ఆయన గురించి రెండు పేజీలు రాసి బొడ్లో దోపుకున్నానని ఎలా చెప్పేది?

మధ్యాహ్నాలు అమ్మాయీ నేనూ పోటీ పడి పొగిడేవాళ్ళం. మా మేక గురించి ప్రసంగం రాశాను. కారని వైపు ఇంటి కప్పు గురించి వర్ణన రాశాను. మా బోటు ఇంజనుకి అభినందనలు తెలుపుతూ ఉత్తరం రాశాను. అమ్మాయి చదివి పడీ పడీ నవ్వేది, తప్పులు దిద్దేది. మా నవ్వుల్లో కాకులు నెత్తళ్ళని ఎత్తుకుపోతుంటే అత్త మా ఇద్దరి మీదకీ కర్ర ఎత్తేది. ఒక్క అత్త గురించి మాత్రం నేను రాయలేదు. ఆవిడ ఎదురుగానే కూర్చునేది. ఎదురుగా ఉన్న మనిషిని ఇంగ్లీషులోనైనా సరే, ఎలా పొగడటం?

పరీక్ష రోజు రానే వచ్చింది. పేపరు మధ్యాహ్నం, సెంటరు శ్రీకాకుళంలో. పేటలో అందరికీ తెలుసు, పేటలో ఏ సంగతి దాగుతుంది గనక! అయితే వేటకి బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు కదా. నేను అట్ట, హాల్ టికెట్టు పట్టుకుని వీధిలోకి రాగానే పేటంతా నాకు వీపు చూపించింది. వల అల్లేవాళ్ళు వలలోకి దూరిపోయారు. నీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళు అందరూ ఒకేసారి ఆకాశంలో ఏదో కనిపించినట్టు తలలెత్తారు. నన్ను చూడకుండా ఉండటానికి ఒకాయన ఇంటి గోడ వైపు తిరిగి గోడతోనే మాట్లాడాడు. నాకు లోపల నవ్వూ, కళ్ళలో నీళ్ళూ. అంతమంది నా మంచి కోరి మొహాలు తిప్పుకున్నారు.

ఆటో ఎక్కబోతుండగా దుమ్ము రేపుకుంటూ స్కూటరు వచ్చింది. దాని మీద మా మాస్టారు. చివరి క్లాసులో ఎలా ఉంది ప్రిపరేషన్ అని అడిగితే నేను మామూలుగానే "ఏటీ రాదు సార్" అన్నాను. ఆయన రెండు రాత్రులు నిద్రపోలేదట. రామతీర్థంలో రాములవారి పాదాల దగ్గర పెన్ను పెట్టించి, నాకివ్వాలని అంత దూరం వచ్చారు. స్కూటరు దిగకుండానే, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వినబడేలా అరిచారు.

"అమ్మా! శుభం! దివ్యంగా రాస్తారు! తప్పకుండా పాసవుతారు!"

కుళాయి దగ్గర ఎవరిదో బిందె జారిపడింది. మా అత్త చేప కడుగుతున్న చేతులతోనే లేచి వచ్చి స్కూటరు హ్యాండిలు పట్టుకుంది.

"ఏటన్నావు బాబూ?"

"పాసవుతారన్నానమ్మా" అన్నారాయన ఇంకా నవ్వుతూనే.

"ఎనక్కి తీసుకో. తప్పుతాదని సెప్పు."

మాస్టారి మొహం తెల్లబోయింది. "అయ్యయ్యో, అలా అనకూడదమ్మా! బయల్దేరే మనిషిని!"

"బయల్దేరే మనిసికే సెప్పాలి. నువ్వు పొగిడీసేవు, ఇప్పుడు నువ్వే దించాలి. తప్పుతాదని సెప్పు."

ఆయన ఇంట్లో పుట్టినప్పటి నుంచీ చెడు మాట అనకూడదు. మా ఇంట్లో పుట్టినప్పటి నుంచీ మంచి మాట అనకూడదు. ఇద్దరూ నా క్షేమం కోసమే దెబ్బలాడుకుంటున్నారు. ఆటో అబ్బాయి హారను కొడుతున్నాడు. మాస్టారు చెమటలు తుడుచుకుని, ఒక ఉపాయం తట్టినట్టు ఇంగ్లీషులో, "యూ మే నాట్ పాస్" అన్నారు మెల్లగా.

అత్త మా అమ్మాయి వైపు చూసింది. "ఏ బాసది?"

"ఇంగ్లీషు నానమ్మా."

"ఇంగ్లీషు సెల్లదు. దిట్టికి అర్దం కాదు. తెలుగులో సెప్పు బాబూ, బేగి సెప్పు, దానికి టైమైపోతాంది."

ఆయన కళ్ళు మూసుకున్నారు. దండం పెట్టుకున్నారు. పెదవులు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి. చివరికి, పాపం, జీవితంలో మొదటిసారి, "తప్పుతారమ్మా" అన్నారు. అని కళ్ళు తుడుచుకున్నారు. అత్త హ్యాండిలు వదిలి, ఆయన చెయ్యి తన చేపల చేత్తోనే నిమిరి, "సల్లగుండు బాబూ" అంది. వీధిలో వీపులన్నీ ఊపిరి పీల్చుకున్నాయి. ఆ చేపల వాసనున్న చేత్తోనే ఆయన పెన్ను నాకిచ్చారు. ఆటోలో శ్రీకాకుళం దాకా నేను నవ్వుతూనే ఉన్నాను. పక్కన కూర్చున్నావిడ కొంచెం దూరం జరిగింది.

హాల్లో పేపరు చేతికొచ్చింది. పద్యం మీద ప్రశ్నకి గైడులో ఉన్నట్టే "అందం శాశ్వతం కాదు" అని రాశాను, నా అభిప్రాయం నా దగ్గరే దాచుకున్నాను. గ్రామరు ఎలాగో దాటాను. చివర రచన. మీ ఊరి గురించి వస్తుందనుకున్నాను, రాలేదు. పండగ రాలేదు, డైరీ రాలేదు. "మీరు ఎక్కువగా మెచ్చుకునే వ్యక్తి గురించి రాయండి" అని ఉంది.

మా ఆయన గురించి సిద్ధంగా రెండు పేజీలున్నాయి. అమ్మాయి గురించి ఉంది. మేక గురించి కూడా ఉంది. నేను వాటిలో ఏదో ఒకటి దించేస్తే సరిపోయేది. పెన్ను కాయితం మీద పెట్టాను. "మై మదర్ ఇన్ లా ఈజ్ ఎ గుడ్ ఉమన్" అని వచ్చింది. నేను రాయాలనుకోలేదు, వచ్చేసింది. ఒక్కసారి ఆ వాక్యం వైపు చూశాను. ఇక్కడ ఆవిడ ఎదురుగా లేదు.

ఇక ఆగలేదు. నాకొచ్చినవి చిన్న చిన్న వాక్యాలే. ఆవిడ కష్టజీవి. సూర్యుడి కన్నా ముందు లేస్తుంది. మామ వేటకి పోయి తిరిగిరాకపోతే, ముగ్గురు పిల్లల్ని ఒక్క గంపతో పెంచింది. ఎవరి ముందూ ఏడవలేదు. నేను కొత్త కోడలిగా వచ్చిన రోజున చేప తల నాకు వేసి, తను పులుసు మెతుకులు తిని, తలంటే తనకి ఇష్టం లేదని చెప్పింది. ఇష్టం లేదన్నది అబద్ధమని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ప్రతి ఆదివారం నా గంప తన గంప మీద పెట్టుకుంటుంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నాకు జ్వరమని చెబుతుంది. నాకు జ్వరం లేదు, నాకు అత్త ఉంది. ఆవిడ లేకపోతే నేను ఈ కాయితం ముందు కూర్చునేదాన్ని కాదు. ఇలాగే రాసుకుంటూ పోయాను. అదనపు కాయితం అడిగితే ఇన్విజిలేటరు మేడం నా మొహం చూసి, "ఏమ్మా, కడుపు నొప్పా?" అంది. కాదు మేడం, మెచ్చుకుంటున్నానని చెప్పాను. బెల్లు కొట్టేదాకా మెచ్చుకున్నాను.

సాయంత్రం మాస్టారు ఫోను చేశారు. "ఎలా రాశారమ్మా?"

"పోయింది సార్."

ఆయన కూడా నేర్చుకున్నారు. "అంటే... బాగా పోయిందా అమ్మా?"

"మొత్తం పోయింది సార్. ఏటీ మిగల్లేదు."

"దివ్యం!" అన్నారు. అని వెంటనే గొంతు తగ్గించి, "అయ్యో" అని చేర్చారు.

ఫలితాలొచ్చిన రోజున మళ్ళీ ఎండుచేపల దగ్గరే ఉన్నాం. మా పేటలో ఫోనుకి సిగ్నలు ఐసు పెట్టెల దగ్గరే సరిగ్గా అందుతుంది. అమ్మాయి అక్కడికి పరిగెత్తింది. నేను వెళ్ళలేకపోయాను. అది తిరిగొస్తుంటే దూరం నుంచే దాని మొహం చూశాను. పళ్ళన్నీ బయటున్నాయి.

"అమ్మా, తప్పేవు!" అంది ఎగిరెగిరి గంతులేస్తూ. "ఇంగ్లీషు బాగా తప్పేవు! అనుకున్నదానికన్నా ఎక్కువ తప్పేవు!"

నేను ఇసకలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు. అత్త నెత్తళ్ళని తిరగేస్తోంది. "సరేలే" అంది అటు చూడకుండానే. కాని అప్పుడే తిరగేసిన వరసనే మళ్ళీ తిరగేసింది.

ఆ వారంలోనే దరఖాస్తు పెట్టాను. ముప్పై అయిదు నిండక ముందే ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే పిల్లలు నన్ను "టీచర్, టీచర్" అని చీర పట్టుకుని లాగుతారు. ఎలా ఉందమ్మా ఉద్యోగం అని ఎవరైనా అడిగితే "ఏదో, ఇలగున్నాది" అంటాను. కాని నేను చెప్పాలనుకున్నది ఆ ఫలితాల రోజు సంగతి, అదింకా పూర్తి కాలేదు.

కాసేపటికి అత్త కర్ర పక్కన పెట్టింది. "ఆ రోజు అదనంగా కాయితాలు అడిగేవంట. అంత సేపు ఏటి రాసేవే?"

అబద్ధమాడదామనుకున్నాను గాని రాలేదు. "నీ గురించి అత్తా" అన్నాను.

"నా గురించా! నా గురించి రాయడానికేటున్నాది?" కొంగు సర్దుకుంది. చుట్టూ చూసింది. ఇసకలో మేం ముగ్గురమూ, కాకులూ తప్ప ఎవరూ లేరు. "ఏదీ, పైకి సదువు."

"నువ్వే గదా పైకి సదవద్దన్నావు."

"ఆ బాసలోనే సదువు. నాకు మాత్రం అర్దమౌతాదేటి."

లేచి నిలబడ్డాను. రాసింది మొత్తం నాకు జ్ఞాపకం ఉంది. గుడ్ ఉమన్ దగ్గర మొదలుపెట్టి, గంప, చేప తల, మోకాళ్ళు, ఆదివారాలు అన్నీ ఒక్కటీ వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. మామ తిరిగిరాని సంగతి దగ్గర కొంచెం ఆగి మళ్ళీ చెప్పాను. అత్త నా పెదవులనే చూస్తూ కూర్చుంది. తరువాత మనవరాలి వైపు తిరిగింది.

"ఏటంతాదే మీ యమ్మ?"

అమ్మాయి కళ్ళ నిండా నీళ్ళు. ముక్కు ఎగబీల్చుకుంది. "నిన్ను తిడతన్నాది నానమ్మా."

"ఎలగ తిట్టింది?"

"నువ్వొట్టి సోమరిదానివంట. ఏ పనీ సెయ్యవంట. నీ కూడు నువ్వే తింతావంట, ఎవులికీ ఎట్టవంట. నువ్వు నేకపోతే అమ్మకి శానా బాగుండేదంట."

అత్త తల వంచుకుంది. ఇసకలో వేలితో ఏదో గీసింది, చెరిపింది. కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఇంకోపాలి తిట్టమను" అంది.

నేను మళ్ళీ మొదటి వాక్యం నుంచి తిట్టాను.